రెండు ఏడుపుల మధ్య

బెంగళూరులో పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేరేటప్పుడు కన్నడం రాదని బెంగపడ్డాను. తీరా చూస్తే రాత్రి డ్యూటీలో సగం మాటలు తెలుగే. హొసకోటె, వర్తూరు వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్ల షెడ్లలో ఉండే కదిరి, రాయదుర్గం బేల్దారి వాళ్లు ఒక పక్క, మారతహళ్లి నుంచి క్యాబ్‌లో దిగే సాఫ్ట్‌వేర్ జంటలు ఇంకో పక్క. నాది ధర్మవరం దగ్గర పల్లె. ఇద్దరి తెలుగూ నాకు అర్థమవుతుంది.

ఈ ఇద్దరూ ఒకే తీరుగా ఆలస్యం చేసే జబ్బు ఒకటుంది. పేగులో పేగు దూరడం. కేస్ షీటు మీద ఇంటస్ససెప్షన్ అని రాస్తారు. విప్పిన చొక్కా చెయ్యి లోపలికి ముడుచుకుపోయినట్టు, చాలాసార్లు చిన్నపేగు చివరి భాగం పెద్దపేగులోకి దూరిపోతుంది. దానితో పాటు రక్తనాళాలూ నలిగి వాపు వస్తుంది, దారి మూసుకుపోతుంది. 5 నుంచి 9 నెలల పిల్లల్లో ఎక్కువ. చాలామందిలో కారణం తేలదు. కొందరిలో జలుబో విరేచనాలో వచ్చిపోయాక పేగు గోడలోని గ్రంథులు ఉబ్బి ఇలా జరుగుతుందంటారు.

వీళ్లు తెలివితక్కువగా ఆలస్యం చేశారని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ నొప్పి తెరలు తెరలుగా వస్తుంది. బిడ్డ మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తాడు, కాసేపటికి మామూలైపోతాడు. పావుగంటకో ఇరవై నిమిషాలకో మళ్లీ మొదలు. మధ్యలో నవ్వినా నవ్వుతాడు.

"ఏడుస్తాండాడక్కా, మళ్లీ ఊరుకుంటాండాడు. ఊరుకున్యాక ఆటోకు డబ్బులు ఎందుకులే అనుకుంటిమి" అంది ఒక తల్లి. ఊర్లో అత్తకు ఫోన్ చేస్తే దిష్టి తీయమంటుంది, వాము నీళ్లు పట్టమంటుంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది, ఫోన్లో పొట్ట తడిమి చూడలేదు కదా. ఇంజనీరు తల్లి గ్రైప్ వాటర్ పడుతుంది. అంతే తేడా.

ఆకుపచ్చగా వాంతి అయ్యాకో, రక్తం జిగురు కలిసి దొడ్డికి పోయాకో పరుగెత్తుకొస్తారు. రక్తం పడటం ఆలస్యంగా కనిపించే గుర్తు. అది లేదు కదా అని ఆగితే మోసమే. కొందరు బిడ్డలు పెద్దగా ఏడవరు కూడా, మగతగా వాలిపోతారు. నాకు వాళ్లను చూస్తేనే ఎక్కువ భయం.

స్కానింగ్‌లో ఒకదానిలో ఒకటి వలయాలు కనిపించగానే పని మొదలవుతుంది. సెలైన్ ఎక్కిస్తాం, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేస్తాం. పేగు చిల్లు పడకుండా, బిడ్డ రక్తప్రసరణ పడిపోయి షాక్‌లోకి వెళ్లకుండా ఉంటే వెంటనే కోయరు. మలద్వారం నుంచి గొట్టం పెట్టి గోరువెచ్చని సెలైన్‌ను సుమారు మీటరు ఎత్తు నుంచి వదులుతారు. కొన్నిచోట్ల గాలి పంపుతారు. నీళ్లు బయటికి కారకుండా పిరుదులు రెండూ నొక్కి పట్టుకోవడం నా పని, చేతులు లాగేస్తాయి. తెర మీద ఆ ముద్ద వెనక్కి వెనక్కి జరిగి, నీళ్లు ఒక్కసారిగా చిన్నపేగులోకి దూకుతాయి. అప్పుడు డాక్టరు ఊపిరి వదులుతారు. ఇది నిన్నమొన్నటి పద్ధతి కాదు, కోపెన్‌హాగన్‌లో హిర్ష్‌స్ప్రంగ్ అనే పిల్లల డాక్టరు 1876లోనే రాశాడు. ఎక్కువమందికి దీనితోనే సరిపోతుంది. లొంగకపోతే ఆపరేషన్. అక్కడా పేగును లాగరు, దూరిన కొన వైపు నుంచి మెల్లగా వెనక్కి తోస్తారు. నల్లబడిన ముక్క ఉంటే కోసి కలుపుతారు.

"రోటా చుక్కల వల్లేనా?" అని సాఫ్ట్‌వేర్ తండ్రులు ఫోన్ చూపించి అడుగుతారు. రోటావైరస్ విరేచనాలు రాకుండా పసిపిల్లల నోట్లో వేసే టీకా అది. అనుమానం ఊరికే పుట్టలేదు. అమెరికాలో 1998లో వచ్చిన ఒక రోటా టీకాను ఈ జబ్బు కారణంగానే మరుసటి ఏడాది ఆపేశారు. మన చుక్కలు వేరు. 2016లో ఇవి వేయడం మొదలైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన దేశంలోని ఆసుపత్రుల్లో చేసి 2020లో ప్రచురించిన పరిశీలనలో ఈ చుక్కలతో ముప్పు పెరిగినట్టు తేలలేదు.

బేల్దారి తండ్రుల గొడవ వేరే. "కోయలేదు, కుట్టు లేదు, బాగైనాడు గదా. పంపించక్కా, రేపు స్లాబ్ ఉంది." స్లాబ్ రోజు రాకపోతే మేస్త్రీ ఇంకొకణ్ని పెట్టుకుంటాడని నాకూ తెలుసు, మా నాయనదీ అదే పని. కానీ 100 మందిలో సుమారు 10 మందికి మళ్లీ దూరుతుంది, అందులో కొందరికి మొదటి రెండు రోజుల్లోనే. తండ్రిని పనికి పంపి తల్లీబిడ్డలను ఉంచుకుంటాం. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది గనుక నేను వాళ్ల ఫోన్లోనే తెలుగులో చెప్పి రికార్డు చేయిస్తాను: "మళ్లీ అట్లే ఉండుండి ఏడ్చినా, ఆకుపచ్చగా కక్కినా, మబ్బుగా పడుకున్నా ఆ రాత్రికే రండి. ఊరుకున్నాడని ఆగొద్దు."

ఒకసారి ఆ రికార్డు ఊరికి వెళ్లి, అవ్వ తిరిగి ఫోన్ చేసింది, దిష్టి తీయొచ్చా వద్దా అని. ఆటో వచ్చేలోపల తీసేయమన్నాను.