మాట తడబడితే మతి పోయినట్టేనా? అమ్మ పవర్ ఆఫ్ అటార్నీ కోసం తిరిగిన నా అనుభవం

నిన్న సాయంత్రం అమ్మ ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలు, అంటే ఆమె తరఫున సంతకం పెట్టే అధికారం నాకిచ్చే కాగితాలు, నా చేతికొచ్చాయి. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లా. బత్తాయి తోట మీద వచ్చిన డబ్బుతో నాయన 1998లో హైదరాబాద్ హయత్‌నగర్ దగ్గర 200 గజాల ప్లాటు అమ్మ పేరున కొన్నాడు. ఇప్పుడు నాయన లేడు. ఏడాదిన్నర కింద అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట ముద్దగా, నిదానంగా వస్తుంది. వైద్యానికి డబ్బు కావాలి, ప్లాటు అమ్మేద్దామని అమ్మే అన్నది. మస్కట్‌లో ఉన్న తమ్ముడు ఫోన్‌లో సరేనన్నాడు. అమ్మ అంత దూరం ప్రయాణం చేయలేదు కాబట్టి ఆమె తరఫున నేను సంతకాలు పెట్టాలి.

కొనేవాళ్ళు మొదట, "సేల్ డీడ్ ఎందుకు మేడం, జీపీఏ మాకే రాసియ్యండి" అన్నారు. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఒక్క పనికని కాకుండా మన తరఫున రకరకాల పనులు చేసే అధికారం. నేను ఒప్పుకోలేదు. జీపీఏ రాసినంత మాత్రాన ఆస్తి అమ్మినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. ఎవరికీ అలా రాసివ్వకండి.

డాక్యుమెంట్ రైటర్ "నోటరీ చాలు" అని 1,500 తీసుకున్నాడు. ఆ కాగితం రిజిస్ట్రేషన్‌కు పనికి రాలేదు. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, మన దేశంలో ఉండే మనిషి తాను నివసించే ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ ముందే పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టాలి. ప్లాటు ఎక్కడున్నా సరే, అమ్మను హయత్‌నగర్ తీసుకుపోవాల్సిన పని లేదు. ఇది కూడా అతను చెప్పలేదు. జనరల్ రాయించుకోమని ఒకటే పోరు. నేను స్పెషల్ పవర్ రాయించాను: ఆ ఒక్క ప్లాటుకే అధికారం, డబ్బు అమ్మ బ్యాంకు ఖాతాలోనే పడాలి. సొంత బిడ్డకు ఇచ్చినా అంతవరకే ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇక ఆఫీసు. ఏ ఆఫీసో రాయను. పైఅంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. తమ్ముడి స్నేహితులు ఇద్దరు అమ్మను కుర్చీతో సహా మోసుకుని ఎక్కించారు. పొద్దున 11కు పోతే మూడింటికి పిలిచారు. కౌంటర్ దగ్గరి ఆయన అందరికీ వినపడేట్టు, "కొడుకు లేడా? బిడ్డకెందుకు రాస్తున్నవ్?" అన్నాడు. అమ్మ "ప్లా... ప్లాటు..." అని మొదలుపెట్టింది. ఆయన ఆగలేదు. వేలిముద్ర కోసం ముడుచుకుపోయిన ఎడమ చేతిని పట్టి గుంజాడు. అమ్మ నొప్పితో అరిచింది. "ఈమెకు మతి లేదు. మతి లేనోళ్ళ సంతకం చెల్లదు, ఇంటికి తీసుకపో" అన్నాడు. హాలులో అందరూ నావైపే చూశారు. తల్లి ఆస్తి కాజేయడానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని, అక్కడ నోట మాట రాలేదు.

ఆటోలో అమ్మ ఒక్కటే అడిగింది. "నాకు మతి లేదా బిడ్డా?"

అనుమానించడం వాళ్ళ పని, దాన్ని నేను తప్పు పట్టను. పిల్లలు ముసలివాళ్ళతో బలవంతంగా వేలిముద్రలు వేయించుకోవడం మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. కానీ అడిగి, జవాబు వచ్చేదాకా ఆగకపోతే అది ఏం అడగడం?

దారి చూపింది మా స్కూల్లో ఒక సార్. నడవలేని రోగులు ఆఫీసుకు రానక్కర్లేదని, సబ్ రిజిస్ట్రారే ఇంటికి రావచ్చని అదే 33వ సెక్షన్‌లో ఉందట. ఆఫీసుల్లో దాన్ని ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. ఫీజు కట్టాలి. కౌంటర్లో అడిగితే "అట్లాంటివి ఏం లేవు" అన్నారు. నోటితో అడగడం మానేసి దరఖాస్తు రాసి ఇచ్చాను, నా కాపీ మీద ముద్ర వేసేదాకా కదల్లేదు. మాట స్పష్టంగా లేకపోయినా అన్నీ అర్థం చేసుకోగలదని డాక్టర్ రాసిచ్చిన సర్టిఫికెట్ జత చేశాను. మీరూ ఆ సర్టిఫికెట్ ముందే తీసుకోండి.

తొమ్మిదో రోజు సబ్ రిజిస్ట్రార్ గారు వచ్చారు. నన్ను బయటికి పొమ్మన్నారు. వాకిట్లో నిలబడ్డాను, కిటికీలోంచి వినపడుతూనే ఉంది.

"ఏం ఇస్తున్నవమ్మా? ఎవరికి?"

చాలాసేపు చప్పుడు లేదు. ఆయన ఆగారు.

"హయత్... నగర్ల ప్లాటు. అమ్మనీకి. బిడ్డకు." మళ్ళీ ఊపిరి తీసుకుని, "ముప్పై... అరవై. తూర్పుకు బాట. నాయన... బత్తాయి అమ్మి కొన్నడు" అంది. నాయన అంటే మా నాయన. పిల్లల ముందు ఆమె ఆయన్ని అలాగే అంటుంది.

కుడి చేత్తో సంతకం పెట్టింది. ఎడమ బొటనవేలి కోసం వాళ్ళ సిబ్బందిలో ఒకతను గోరువెచ్చని నీళ్ళు అడిగి, తడిగుడ్డతో ఒక్కో వేలూ మెల్లగా విప్పాడు. ఫొటో తీశారు, సాక్షులు సంతకాలు పెట్టారు. అరగంటలో పనైపోయింది.

వాళ్ళు వెళ్ళాక అమ్మ వాకిలి వైపు చూస్తూ అడిగింది. "ఆ కౌంటరు కాడి సారు రాలేదా? నేను చెప్పింది ఆయన గూడ వినేదుండె."