గీత చివర చూస్తే చాలు

బోర్డులు రాసి బతికేవాడు బొమ్మ చూసే పద్ధతి కాస్త వేరుగా ఉంటుంది. అందరూ ముందు మొహం చూస్తారు, రంగులు చూస్తారు. నా కన్ను తిన్నగా గీత చివరికి పోతుంది. బ్రష్షు ఎక్కడ ఆనించాడు, ఎక్కడ నొక్కాడు, ఎక్కడ లేపేశాడు, చెయ్యి వణికిందా, మధ్యలో రంగు అయిపోతే మళ్లీ ముంచి అతికించాడా? ఇవన్నీ అక్కడ దొరికిపోతాయి. కావలి ట్రంకు రోడ్డులో అంగళ్ల మీదా, లారీల వెనకా, స్కూలు గోడల మీదా అక్షరాలు రాస్తూ వచ్చిన అలవాటు ఇది. ఫ్లెక్సీలొచ్చి పని తగ్గింది గానీ అలవాటు పోలేదు. ఈ మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి, నాకు నచ్చిన బొమ్మలవాళ్ల గురించి రాద్దామని కూర్చున్నా.

బాపుగారితో మొదలుపెట్టాలి, తప్పదు. 1933లో నర్సాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ. ఊరందరికీ ఆయన బొమ్మల మనిషి, సినిమాల మనిషి. మా పనిలో ఉన్నవాళ్లకు మాత్రం ముందు అక్షరాల మనిషి. పెళ్లి కార్డు అచ్చువేసే వాళ్ల దగ్గర్నుంచి చీరల అంగడి ఓనరు దాకా అందరిదీ ఒకటే మాట: "అన్నా, పేరు మాత్రం బాపు అక్షరాల్లో రాయి." సరే అని మొదలుపెడితే అప్పుడు తెలుస్తుంది తమాషా. మామూలు బోర్డుకు దారానికి సుద్ద పూసి పైనొక గీత, కిందొక గీత కొట్టుకుంటాం. అక్షరాలన్నీ ఆ రెండింటి మధ్య బుద్ధిగా కూర్చుంటాయి. బాపు అక్షరాలకు పై గీత కొట్టావంటే పని చెడినట్టే. ఒకదాని తలకట్టు ఎగిరి పక్కదాని మీదికి పోతుంది, ఇంకొకటి కాస్త వెనక్కి వాలుతుంది, కొమ్ము కిందికి సాగుతుంది. ఒకే అక్షరంలో లావు గీత సన్నబడి మళ్లీ లావవుతుంది. కింద ఒక్క గీత కొట్టుకుని, పైన చేతిని దాని దోవన పోనివ్వాలి.

తర్వాత ఆయన పేరుతోనే కంప్యూటర్‌లోకి ఫాంటు వచ్చింది. మంచిదే, నేనూ వాడా. కాకపోతే ఫాంటులో పది 'క'లు కొడితే పదీ ఒకే అచ్చు. ఆయన చేత్తో రాసిన శీర్షికలో రెండు 'క'లుంటే రెంటికీ రెండు రకాల నడక.

బొమ్మల దగ్గరికొస్తే, బాపు బొమ్మ అనగానే అందరూ కళ్లనీ, వాలుజడనీ పట్టుకుంటారు. ఆయన్ని చూసి గీసినవాళ్లు కూడా అవే దించారు. నాకు ఆయన గీసిన చేతులు ఇష్టం. కుచ్చిళ్లు సర్దుకునే అమ్మాయి వేళ్లు, పేపరు పట్టుకున్న మొగుడి వేళ్లు... ఆ కార్టూన్‌లో మొహం మీద కాగితం కప్పి వేళ్లొక్కటే చూడండి, ఎవరు ఎవర్ని వేళాకోళం చేస్తున్నారో తెలిసిపోతుంది. ఇంక గది గీయాలంటే ఆయనకు గోడలు అక్కర్లేదు. ఒక పడక్కుర్చీ వేస్తాడు, గది వచ్చేస్తుంది. భుజం మీంచి నేల దాకా పమిట ఒకే గీత, మధ్యలో అతుకు లేదు. ఎంత ఖాళీ వదలాలో తెలియడం అన్నిటికంటే కష్టం. బోర్డు రాసేటప్పుడు ఆ మూల ఖాళీగా వదిలితే ఓనరు ఊరుకోడు. ఫోన్ నంబరు వెయ్యి, దేవుడి బొమ్మ వెయ్యి అంటాడు. పత్రికల ఓనర్లు ఆయన్ని ఆ ఖాళీ వదలనిచ్చారు చూడండి, వాళ్లకూ ఒక దణ్ణం.

ఖాళీ అంటే అసలు గిట్టని ఆయన ఇంకొకరున్నారు, చందమామ శంకర్ గారు. అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళాయన. 1924లో పుట్టి 2020లో పోయారు. మరుసటేడు పద్మశ్రీ ఇచ్చారు, మనిషి లేకుండా. 1947 జులైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన చందమామకు దశాబ్దాల తరబడి బొమ్మలు వేశారు. మద్రాసు మా కావలికి హైదరాబాదు కంటే దగ్గర. అందుకేనేమో ఆయన గుడి స్తంభాలూ, మంటపాలూ చూస్తే పరాయి ఊళ్లవి అనిపించవు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ తెలియని ఇల్లు ఉండదు కదా. చిన్నప్పుడు నేను ఆ పేజీ వేలితో మూసి కథ చదివేవాణ్ణి. ఇప్పుడు కథ వదిలేసి చీకటి చూస్తా. అదంతా సన్నటి గీతల పక్కన గీతలు పేర్చి తెచ్చిన చీకటి. సిరా సీసా దొర్లించినట్టు నల్లగా నింపేయలేదు. మెడలో గొలుసు, తలుపు మీద చెక్కడం, ఒకటీ ఎగ్గొట్టలేదు. నెల తర్వాత నెల అంత ఓపిక ఎట్లా వచ్చిందో!

వడ్డాది పాపయ్య గారు, మనందరి వపా, నాకు ఆలస్యంగా ఎక్కారు. శ్రీకాకుళం ఆయన, 1921 నుంచి 1992 దాకా. చందమామ, యువ పత్రికల అట్టల మీద ఆయన బొమ్మలు చూడని పాత పాఠకులు ఉండరు. ముక్కు మరీ కోటేరు వేసినట్టుంటుందని, నడుము మరీ సన్నమని నేను పెదవి విరిచేవాణ్ణి. పాత పేపర్ల అంగట్లో యువ సంచికల కట్ట ఒకటి దొరికాక మనసు మారింది. నాకు తెలిసింది ఎనామిల్. తప్పు పోతే ఆరనిచ్చి పైన ఇంకో పూత వేస్తాం, లోకానికి తెలియదు. నీటి రంగుతో ఆ ఆట చెల్లదు. తెలుపు కావాలంటే కాగితాన్నే వదులుకుంటూ రావాలి, ముందే లెక్క ఉండాలి. వపా గారి నీటి రంగుల్లో చీర అంచు మీద వెలుగు పడిన చోట కాగితం అట్లా మిగిలి ఉంటుంది. అంత పల్చటి రంగులో ఎండా, నీడా రెండూ తెచ్చాడంటే ముక్కు సంగతి మనకెందుకు?

అయితే అట్టల మీద చూసేది అచ్చు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీకి పోయినప్పుడు ఆ తేడా తెలిసింది. 1925లో, ముప్పై కూడా నిండకుండా పోయిన మనిషి. ఆయన అసలు బొమ్మల ముందు నిలబడి, పుస్తకాల్లో ఇన్నాళ్లూ నేను చూసింది సగమేనా అనుకున్నా. వీలుంటే పోయి చూడండి.

ఇంతకీ నా దృష్టిలో గీతకు అందరికంటే పెద్ద పరీక్ష పెట్టేవాళ్లు మా జిల్లాలోనే ఉన్నారు. ఆత్మకూరు దాటి పోతే మర్రిపాడు మండలంలో డి.సి.పల్లి. పొగాకు వేలానికి రైతులకు బాగా తెలిసిన ఊరు. అక్కడ తోలుబొమ్మలు చేస్తారు. మేకతోలును నానబెట్టి, బొచ్చు తీసి, వెలుతురు దిగేంత పల్చగా గీకి, ఆరబెడతారు. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. చేతులు, కాళ్లు విడిగా కోసి దారంతో కడతారు, ఆడించాలి కాబట్టి. రంగు రెండు వైపులా వేయాలి. సీతమ్మ మెడలో ముత్యాల హారం ఉందనుకోండి, అది రంగుతో వచ్చింది కాదు. వరసగా కొట్టిన చిల్లుల్లోంచి వచ్చే వెలుతురే ముత్యాలు. బ్రష్షు జారితే తుడుచుకుంటాం. ఉలి జారితే ఆ తోలు గతి అంతే.

నేను పక్కన కూర్చుని చూస్తుంటే అక్కడి పెద్దాయన నవ్వి, "అబ్బయా, నగలు మేం గీయం, కొడతాం" అన్నాడు. కిరీటం దగ్గర చిల్లుకూ చిల్లుకూ మధ్య గోరంత ఎడం కూడా లేదు. ఆ ఎడం తెగితే కిరీటం ఊడొస్తుంది. ఆయన మాత్రం నాతో మాట్లాడుతూనే కొడుతున్నాడు. నాకు టెన్షన్.

ఇప్పుడు ఆట ఆడించేది తక్కువ, ఎక్కువగా ల్యాంప్ షేడ్లు చేస్తున్నారు. కళ పాడైపోయిందని కొందరు బాధపడతారు. నాకట్లా అనిపించదు. షేడు గుండ్రం వల్ల రాముడి ముక్కు కాస్త వంగుతుంది, నిజమే, కానీ వెనక దీపమైతే ఉంది కదా. అసలు అన్యాయం ఫ్రేము కట్టించి గోడకు తగిలించడం. వెనక సిమెంటు ఉంటే హారం ఎక్కడ మెరుస్తుంది? మా బావ ఎగ్జిబిషన్‌లో ఒక హనుమంతుణ్ణి కొని సరిగ్గా ఆ పనే చేశాడు. ఫ్రేము విప్పి తూర్పు కిటికీకి కట్టమని పోయినప్పుడల్లా చెబుతున్నా. కిటికీకి హనుమంతుడొస్తే దోమల మెష్ ఎట్లా తీసి వేసేది అని మా అక్క. ఈసారి పోయేటప్పుడు ఫ్రేము వెనక పట్టేటట్టు ఒక ఎల్ఈడీ పట్టీ కొనుక్కుని పోతా.