ఆఖరి వాయి అన్నం

నాకు మధుమేహం ఉన్న సంగతి కంటి ఆస్పత్రిలో బయటపడింది. అరవై రెండో ఏట, కుడికంటి శుక్లం తీయించుకుందామని తెనాలి నుంచి గుంటూరు వెళ్లాను. ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షలో పరగడుపు చక్కెర 212, మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 వచ్చాయి. పరగడుపున 126 గాని, హెచ్‌బీఏ1సీ 6.5 గాని చేరితే మధుమేహమని లెక్క. చక్కెర అంత ఎక్కువగా ఉండగా ఆపరేషన్ చేస్తే పుండు మానడం ఆలస్యమవుతుందనీ, చీము పట్టే ప్రమాదం ఉందనీ చెప్పి డాక్టరు గారు వాయిదా వేశారు. రాత్రిళ్లు మూడు నాలుగు సార్లు లేవవలసి రావడం, మధ్యాహ్నానికే కాళ్లు లాగడం ఏడాదిగా ఉన్నా, వయసు వల్లనే అనుకుని నేను ఎవరికీ చెప్పలేదు.

నేను మిఠాయిలు తినే మనిషిని కాను కాబట్టి మొదట ఆ కాగితాన్ని నమ్మలేకపోయాను. ఆహార నిపుణురాలు నన్ను కూర్చోబెట్టి, ముందురోజు పొద్దుటి నుంచి ఏమేమి తిన్నానో వరుసగా చెప్పమన్నారు. చెబుతూ ఉంటే నాకే అర్థమైంది. మా భోజనంలో ప్రతి పదార్థానికీ కొంత అన్నం కలుపుకోవాలి: పచ్చడితో ఒక వాయి, పప్పుతో ఒక వాయి, పులుసుతో మరొకటి, చివరకు పెరుగన్నం. కూర చూస్తే రెండు చెంచాలకు మించదు. దానికి తోడు, నలభై ఏళ్లుగా ఇంట్లో అందరూ తిన్న తరువాత రాత్రి పదింటికి తినడం, గిన్నె అడుగున మిగిలిన అన్నం పారేయడానికి చేతులు రాక అది కూడా పెరుగు పోసుకుని తినేసి వెంటనే పడుకోవడం నా అలవాటు. ఆ చివరి వాయి నేను ఆకలితో తిన్నది కాదు.

ఇంటికి వచ్చాక అందరూ చెప్పిన మాట విని కొర్రలు తెప్పించాను. ఆరు వారాలు కొర్రన్నమే తిన్నాను, డాక్టరు గారు రాసిచ్చిన మాత్రలూ మానలేదు. అయినా తిన్న రెండు గంటల తరువాత చూస్తే చక్కెర 240 దగ్గరే ఉండిపోయింది. తవుడు పోయిన తెల్లబియ్యం కంటే కొర్రల్లో పీచు ఎక్కువే, కానీ అవీ ప్రధానంగా పిండిపదార్థమే. నేను మార్చింది గింజనే గాని కొలతను కాదు. చిరుధాన్యాలను మందులాగా చెప్పేవారి మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపం ఉంది, ఎందుకంటే ఆ మాట నమ్మి నేను ఆరు వారాలు పోగొట్టుకున్నాను.

తరువాత ఒక చిన్న కప్పును కొలతగా పెట్టుకున్నాను. ముందు ఒక గిన్నెడు బీరకాయో, గోరుచిక్కుడో, తోటకూరో, ఏ కూరైనా ఉత్తినే తినడం, ఆ తరువాత గట్టి పప్పుతో ఒక కప్పు అన్నం, చివర పెరుగన్నానికి బదులు గ్లాసు మజ్జిగ. రాత్రి భోజనం ఏడున్నరకు మార్చాను. మొదటి పది రోజులు పెరుగన్నం లేక భోజనం పూర్తయినట్టే అనిపించేది కాదు. ఒక రాత్రి కళ్లనీళ్లు కూడా వచ్చాయి. రక్తపోటు 150 ఉండడంతో ఆవకాయను వారానికి ఒక్కసారికి తగ్గించుకున్నాను. రోజుకు మొత్తం మీద ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదంటారు, మా ఇంటి ఊరగాయలతో అది సాధ్యం కాదు. పొద్దున అరగంట కాలువ గట్టు మీద నడక, రెండు పూటలా తిన్నాక పావుగంట వరండాలో నడక మొదలుపెట్టాను. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయన్నది గ్లూకోమీటరులో నా కళ్లతోనే చూశాను.

ఒక తప్పు మాత్రం ప్రాణం మీదికి తెచ్చింది. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటూ, పొద్దున వేసుకునే, చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రను మానకుండా వేసుకున్నాను. సాయంత్రం చుక్క కోసం ఎదురుచూస్తుండగా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. పక్కింటి అమ్మాయి "పిన్ని గారూ, ఇది తాగండి" అంటూ పంచదార నీళ్లు పట్టించింది. అప్పుడు చక్కెర 54. ఉపవాసం ఉండదలచినప్పుడు మాత్ర సంగతి ముందుగా డాక్టరును అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

హెచ్‌బీఏ1సీ చూపేది ఎర్ర రక్తకణాల్లో అంటుకున్న చక్కెరను. ఆ కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి కనుక, మార్పు అందులో కనిపించడానికి మూడు నెలలు ఆగాలి. సంక్రాంతి తరువాత చేయించిన పరీక్షలో అది 7.2 వచ్చింది. మాఘమాసంలో ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పిన మరునాడు నా చక్కెర లెక్కలు రాసుకునే పుస్తకాన్ని మొదటిసారిగా మావారి సాయం లేకుండా చదువుకున్నాను. గ్లిమెపిరైడ్ మోతాదును సగం చేశారు. మెట్‌ఫార్మిన్ కొనసాగుతోంది, బహుశా ఎప్పటికీ కొనసాగుతుంది. ఇప్పుడు మా ఇంట్లో ఏడున్నరకు అందరం కలిసి కూర్చుంటున్నాం, బియ్యం సోలెడు తక్కువగా పోస్తున్నాను, గిన్నెలో ఏమీ మిగలడం లేదు.