మళ్ళీ పర్యంకం దగ్గరే

నిన్న మూడో ఆడిషన్. మళ్ళీ అదే చోట ఊపిరి అయిపోయింది. ఇంటికొచ్చాక అన్నం కూడా సయించలేదు.

చవితి పందిట్లో మా కాలనీవాళ్ళు వేసే గజేంద్ర మోక్షం నాటకానికి చిన్న పాత్రలు ఎంచుతున్నారు. దేవలుడి వేషం నాకు వచ్చేసింది. ఆ ముని హూహూ అనే గంధర్వుణ్ణి మొసలివై పుట్టమని శపించడం, అంతే, రెండు మాటలు. నా మనసంతా కథకుడి మీద ఉంది. స్టేజీ మీద ఉండేది 3 నిమిషాలే, కానీ పోతన గారి ‘అల వైకుంఠపురంబులో’ పద్యం అతనిదే.

పద్యం నోటికి రాక కాదు, చిన్నప్పుడే వచ్చేసింది. తిప్పలన్నీ ఊపిరితోనే. అది మత్తేభం, పాదానికి 20 అక్షరాలు. మొదటి మూడు పాదాల్లో ఒక్కటీ మాట పూర్తయి ఆగదు: దా-పల, కాంతోపలో-త్పల, వి-హ్వల. పాదం చివర ఊపిరి పీలిస్తే మాట ముక్కలవుతుంది, మాస్టారు ఒప్పుకోరు. అందుకే ‘దాపల’ అన్నాక పీలుస్తాను. అక్కణ్ణుంచి ‘మందార’ మొదలుకుని ‘రమావినోది’ దాకా ఒకటే సమాసం. వేళ్ళ మీద లెక్కపెట్టాను, 28 అక్షరాలు. నాకు 22వ అక్షరం దగ్గర, ‘పర్యంక’లో (అంటే మంచం) ‘ర్యం’ మీద గాలి అయిపోతోంది. మూడుసార్లూ అక్కడే! నిన్నయితే “పర్” అని ఆగి, గుటక వేసి, “యంక” అన్నాను. మాస్టారు కళ్ళజోడు తీసి, “ఏమయ్యా, స్వామివారి మంచం మళ్ళీ విరగ్గొట్టావా?” అన్నారు. హార్మోనిస్టు గారు వాయించడం ఆపేసి మరీ నవ్వారు.

రాత్రి రికార్డింగులు పెట్టుకుని కొలిచాను. ఇంట్లో కూర్చుని, రాగం లేకుండా చదివితే ఆ సమాసానికి 7 సెకన్లు. కూర్చునే మోహన రాగంలో పాడితే 11, గట్టెక్కాను. నిలబడితే అదే 11, కానీ చివరి ‘ది’ వినపడలేదు. హాల్లో మాత్రం ‘ర్యం’ దగ్గరికొచ్చేసరికే 13. ఎక్కడ సాగదీశానా అని మళ్ళీ మళ్ళీ విన్నాను. ‘మందార’లో ‘దా’ మీద ఏకంగా 3 సెకన్లు సంగతులు వేశాను, అంటే రాగాన్ని తిప్పి తిప్పి పాడాను. ఇంట్లో అక్కడ ఒక సెకను కూడా పట్టదు. ఎదురుగా నలుగురు కూర్చుంటే చాలు, నాలో పద్యనాటకాల నటుడు లేస్తాడు.

రెండో అనుమానం ‘సరః’ దగ్గరి విసర్గ మీద. నోటి ముందు అరచెయ్యి పెట్టి చూసుకుంటే గాలి బాగానే తగిలింది. అంత పోనక్కర్లేదు. మూడోది శ్రుతి. నాది ఒకటి, హాల్లో అంతకంటే పైన, రెండుకి పాడించారు. దించమని అడగడానికి మొహమాటం. ఇంట్లో రెండుకి పెట్టి పాడితే 24వ అక్షరం దాకా వెళ్ళాను కాబట్టి తప్పంతా శ్రుతిది కాదు. సాధనకి ఫోన్లో తంబురా యాప్‌ల కంటే మా పాత రాడెల్ ఎలక్ట్రానిక్ తంబురా పెట్టే నయం, మధ్యలో కాల్ రాదు. గొంతుకి బిళ్ళలూ అవీ నాకొద్దు, బుగ్గన కరక్కాయ ముక్క చాలు.

వచ్చే ఆదివారం ఇంకో అవకాశం ఇచ్చారు. ఈసారి ‘దా’ మీద సంగతి ఉండదు. అప్పటికీ చాలకపోతే ‘సరః’ అన్నాక, వినపడకుండా చిన్న ఊపిరి. తర్వాతి ‘ప్రాం’ ఎలాగూ యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో పొంతన కుదిరే చోటు, అక్కడ విరిగినా చెవికి ఎబ్బెట్టుగా ఉండదని నా వాదన. మాస్టారు ఏమంటారో! హాల్లోకి వెళ్ళగానే కుర్చీ అడక్కుండా నిలబడే పాడడానికి ఈ వారమంతా వంటింట్లో నిలబడే సాధన.

దేవలుడికి క్రేపు గడ్డం అంటున్నారు, గమ్ముతో అంటించేది. రెండు వేషాలూ నాకే వస్తే, చుబుకం మండకుండా అది ఊడదీయడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో అదీ కొలవాలి.