పైమన్ నది ఒడ్డున, పులి లేని అడవిలో

కరివేపాకును టాస్మానియాలోకి రానివ్వరు. పచ్చిమిర్చి, టమోటా, ఆఖరికి నిమ్మకాయ కూడా కుదరదు. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న ఆ ద్వీపంలోకి బయటి తెగుళ్లు చేరకూడదని వాళ్ల జాగ్రత్త. మెల్‌బోర్న్ దగ్గరి జీలాంగ్ రేవులో కారు ఓడెక్కేలోపే పచ్చి సరుకంతా వదిలించుకోవాలి. అలా మా వంటపెట్టెలో మిగిలినవి బియ్యం, చింతపండు, ఎండుమిర్చి, చెనిక్కాయల పొడి, మామిడికాయ ఊరగాయ. కడప జిల్లా వాళ్లం, వాటితో ఎన్నాళ్లయినా నెట్టుకొస్తాం.

వెళ్లింది నేనూ మా బావమరిదీ. వాడు చదువుకోడానికి మెల్‌బోర్న్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నాకు ఆ పాత అడవి చూడాలని ఉంది. వాడికి మాత్రం పులి కావాలి. టాస్మానియా పులి అంటే మన పులి కాదు. కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెంచే జంతువు. కుక్కంత ఉంటుంది, వీపు వెనక భాగాన నల్లటి చారలు, కర్రలా బిగుసుకున్న తోక. థైలసీన్ అంటారు. చివరిది 1936 సెప్టెంబరు 7న హోబార్ట్ జూలో చచ్చిపోయింది. దాన్ని చంపకూడదని చట్టం చేసింది అదే ఏడాది జులైలో, అంటే అది పోవడానికి రెండు నెలల ముందు. మావాడు వీటిలో దేన్నీ కాదనడు. ‘జూలోది పోయింది బావా, అడవిలోది కాదు’ అంటాడు.

డెవన్‌పోర్ట్‌లో దిగి, బర్నీలో సరుకులూ డీజిలూ చూసుకుని, వారటా మీదుగా లోపలికి వెళ్లాం. సావేజ్ రివర్ ఇనుప గని దాటాక కొండల నడుమ మట్టి రోడ్డు. దాని చివర కొరిన్నా. 1880లలో బంగారం కోసం జనం ఎగబడ్డ ఊరు. ఇప్పుడు కొన్ని చెక్క ఇళ్లు, ఒక భోజనశాల, పైమన్ నది ఒడ్డున టెంట్లు వేసుకునే జాగా మిగిలాయి. ఫోను పనిచెయ్యదు. నది నీళ్లు డికాషన్ రంగులో ఉంటాయి. మురికి కాదది, చెట్ల ఆకులూ బెరళ్లూ ఊరి వచ్చిన రంగు. అద్దంలా నిలిచిన ఆ నీటిలో కొండ తలకిందులుగా కనిపిస్తుంది.

ఈ ప్రాంతాన్ని టార్కైన్ అంటారు. ఆదిమవాసుల పేరు తకైనా. చలి ప్రాంతపు వానాడవుల్లో ఇది ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. వైట్ నది పక్కన కాలిబాట మీద నడుస్తుంటే నాచు తప్ప నేల కనపడదు. పడిపోయిన మాను మీద నాచు, దాని మీద మొలక, ఆ మొలక చెట్టయి మళ్లీ దాని మీద నాచు. మర్టిల్ చెట్లు ఎక్కువ. డిసెంబరు కావడంతో వాటి కొమ్మల బుడిపెలకు నారింజ రంగు ఉండలు గుత్తులుగా వేలాడుతున్నాయి. కాయలనుకుని ఒకటి చేతిలోకి తీసుకుంటే మెత్తగా, జిగటగా, పైన గుంటలు గుంటలుగా ఉంది. అది కాయ కాదు, పుట్టగొడుగు జాతి. ఆదిమవాసులు తినేవారట. ఈ జాతి శిలీంధ్రం ఇలాంటి చెట్ల మీదే పెరుగుతుంది, దీని చుట్టాలు సముద్రం అవతల చిలీ, అర్జెంటీనా అడవుల్లో ఉన్నాయి. చెట్టూ, చెట్టు మీది శిలీంధ్రమూ రెండు ఖండాల్లోనూ జోడీగా బతుకుతున్నాయంటే, ఆ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నందువల్లే. ఆ గోండ్వానాలో మన నేల కూడా ఒక ముక్క. సింగరేణి బొగ్గు అప్పటి అడవులే. అక్కడ అవి నల్లగా భూమిలో పడుకున్నాయి, ఇక్కడ అదే గోండ్వానాలో చాలా తర్వాత పుట్టిన అడవుల వారసులు పచ్చగా నిలబడి ఉన్నాయి. జలగలు కూడా ఉన్నాయి. వాటి గురించి మా బావమరిది వేరే చెప్తాడు, నేను చెప్పను.

మర్నాడు ఆర్కేడియా అనే పాత పడవలో నది ముఖద్వారం దాకా వెళ్లాం. 1939లో హ్యూన్ పైన్ కలపతో కట్టిన పడవ. ఆ చెట్టు ఏడాదికి ఒక మిల్లీమీటరు లావెక్కితే గొప్ప, రెండు వేల ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి. కలపలో ఒక నూనె ఉంటుంది, అందుకే నీళ్లలో నానినా కుళ్లదు. ఆ సుగుణమే దానికి శత్రువైంది. ఒడ్డున అందుబాటులో ఉన్న మాన్లన్నీ పడవలకే పోయాయి.

రాత్రి వాన మొదలైంది. ఈ పడమటి కొండల్లో ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైగా పడే చోట్లున్నాయి. మా కడపలో ఏడు వందలు పడితే మంచి ఏడాది. టెంటు మీద చినుకుల చప్పుడు వింటూ నిద్రలోకి జారుకున్నానో లేదో, వాడు నన్ను కుదిపాడు.

‘బావా, లెయ్. బయట ఏందో ఉంది.’

లైటు వేశాం. మా వంటపెట్టెకు మూరెడు దూరంలో పాడిమెలన్ ఒకటి. బొద్దుగా, పొట్టిగా ఉండే కంగారూ జాతి. వాన నీళ్లు ముక్కు మీంచి కారుతున్నాయి. ముందు కాళ్లతో గడ్డిపోచ పట్టుకుని నములుతోంది, లైటు పడినా దవడ ఆగలేదు. కడుపు సంచిలోంచి పిల్ల కాలొకటి బయటికి పొడుచుకు వచ్చి ఉంది. థైలసీన్ల తిండిలో ఇవీ ఉండేవి. మెల్‌బోర్న్ ఉన్న అవతలి విక్టోరియా రాష్ట్రంలో పాడిమెలన్లు ఎప్పుడో పోయాయి, ఇక్కడ మాత్రం ఎటు చూసినా ఇవే.

ఇక వాడికి నిద్ర రాలేదు, నన్ను పోనివ్వలేదు. హాన్స్ నార్డింగ్ కథ ఎత్తుకున్నాడు. 1982 మార్చిలో, ఇక్కడికి ఉత్తరాన టోగారి దగ్గర, పార్కుల శాఖ ఉద్యోగి అతను. వానలో, నడిరాత్రి రెండింటికి, బండిలో పడుకున్నవాడు మెలకువ వచ్చి లైటు వేస్తే ఎదురుగా థైలసీన్. చారలు పన్నెండు లెక్కపెట్టానన్నాడు. ప్రభుత్వం ఆ సంగతి బయటికి పొక్కనివ్వకుండా నెలల తరబడి వెతికించింది. ఏమీ దొరకలేదు.

‘అతను అబద్ధమాడే మనిషి కాదంట బావా.’

‘కాకపోవచ్చురా. అర్ధరాత్రి, వాన, నిద్రమత్తు. కళ్లు అబద్ధమాడొచ్చు గదా.’

‘మరి మన కలివికోడి? అందరూ పోయిందనలా?’

ఇక్కడ నాకు కాస్త తడబాటు. 1900 తర్వాత ఎవరికీ కనపడని పక్షి, 1986 జనవరిలో మా జిల్లాలోనే, లంకమల కింద రెడ్డిపల్లె దగ్గర దొరికింది. దాని కోసం అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. విచిత్రమేమంటే అదే 1986లో టాస్మానియా ప్రభుత్వం థైలసీన్ అంతరించిందని ప్రకటించింది. కానీ రెండూ ఒకటి కావు. కలివికోడి చిన్న పిట్ట, రాత్రిపూట కంపచెట్ల నడుమ తిరిగేది. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు కనపడకపోయినా అక్కడి వేటగాళ్లకు తెలుసు, దానికి ఊళ్లో పేరుంది. థైలసీన్ కుక్కంత జంతువు. టాస్మానియా రోడ్ల మీద పొద్దున్నే వెళ్తే తెలుస్తుంది, రాత్రి బండ్ల కింద పడ్డ పాడిమెలన్లు, పోసమ్‌లు, అక్కడక్కడా వాంబాట్, టాస్మేనియన్ డెవిల్ కూడా. ఇన్నేళ్లలో ఒక్క థైలసీన్ కూడా బండి కింద పడలేదు. నాకు అడవిలో పెట్టే అన్ని కెమెరాలకన్నా ఆ సాక్ష్యమే పెద్దది.

అయితే అసలు సంగతి అర్థమైంది కొరిన్నా దాటాకే.  అక్కణ్ణించి ఉత్తరంగా వెస్టర్న్ ఎక్స్‌ప్లోరర్ రోడ్డు, గులకరాళ్ల రోడ్డు. మెల్లగా పోవాలి. కాసేపటికి అడవి పల్చబడి, బటన్‌గ్రాస్ మైదానాలు మొదలయ్యాయి. బంగారు రంగు గడ్డి గుబుర్లు, దూరంగా సముద్రం, ఒక్క ఇల్లు లేదు. థైలసీన్ తిరిగింది ఎక్కువగా ఇలాంటి చోట్ల, పల్చటి అడవుల్లో, తీరాన. నేను మురిసిపోయిన ఆ నాచు అడవి దానికి పెద్దగా పనికిరాదు. జనం మాత్రం పులి అనగానే దట్టమైన అడవినే ఊహించుకుంటారు.

రాత్రి ఆర్థర్ రివర్ దగ్గర టెంటు వేసి, చింతపండు చారు కాచుకుని తిన్నాం. పొద్దున మరావా మీదుగా టోగారి వైపు వెళ్తుంటే రెండు పక్కలా నున్నటి పచ్చికబయళ్లు, పాడి ఆవులు, మైళ్ల కొద్దీ కంచె. ఈ వాయవ్య మూలను 1820లలో వాన్ డీమెన్స్ లాండ్ కంపెనీ అనే లండన్ కంపెనీ గొర్రెల కోసం తీసుకుంది. గొర్రెలకూ గడ్డి మైదానాలే కావాలి, పులికీ అవే, అంతకు ముందు నుంచీ ఉన్న మనుషులకూ అవే. 1828లో కేప్ గ్రిమ్ దగ్గర ఆ కంపెనీ కాపరులు ఆదిమవాసులను కాల్చి చంపారు, ముప్పై మంది దాకా అంటారు. 1830లో అదే కంపెనీ థైలసీన్ తలకు వెల కట్టింది. 1888 నుంచి 1909 దాకా ప్రభుత్వమే పెద్దదానికి ఒక పౌండు, పిల్లకు పది షిల్లింగుల చొప్పున ఇచ్చింది. రెండు వేల నూట ఎనభై పైచిలుకు చెల్లింపులు లెక్కల్లో ఉన్నాయి. ఆ గొర్రెల్లో ఎన్నింటిని ఊరకుక్కలు తిన్నాయో ఎవరూ పట్టించుకోలేదు. అడవిలో కాల్చినట్టు రుజువున్న ఆఖరి థైలసీన్‌ను 1930లో చంపింది కూడా ఈ వాయవ్యంలోనే, మాబానాలో, ఒక రైతు.

అందుకే ‘అడవి మిగిలింది గదా, పులి కూడా మిగిలి ఉంటుంది’ అనే మాట నాకు ఎక్కదు. మిగిలింది ఎవరికీ పనికిరాదనుకున్న అడవి. పులిది వేరే నేల.

మా బావమరిది కారు అద్దం దించి ఆవుల్ని చూస్తున్నాడు. మెల్‌బోర్న్‌లోనే జన్యువులతో థైలసీన్‌ను మళ్లీ పుట్టించే పరిశోధన జరుగుతోందని వాడికి తెలుసు.

‘పుట్టిస్తే ఎక్కడ వదుల్తారు బావా?’

కంచె అవతల ఒక రైతు నాలుగు చక్రాల బైకు మీద ఆవుల్ని తోలుకుపోతున్నాడు. ‘ఆయన్నడుగు’ అన్నాను. వాడు నిజంగానే దిగబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి, స్మిత్‌టన్ వైపు పోనిచ్చాను, డీజిలు అయిపోవస్తోంది.