ఓకే అంటే ఎంత?

“ఇందులో నంబరు ఏది?” అంటూ కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు మా ఒమానీ సూపర్‌వైజరు. గ్యాస్ పైపులైను చివర ఉండే పిగ్ రిసీవర్ తలుపు తీసే ముందు నింపాల్సిన చెక్‌లిస్టు అది. ప్రెషర్ రాయడానికి మూడు గళ్లుంటే మూడింట్లోనూ ‘ఓకే’ అని రాసి కింద సంతకం గీకేశాను. పర్మిట్ ఆపించి, రిసీవర్‌లోకి మళ్లీ గ్యాస్ ఎక్కించి, మొదటి నుంచీ చేయించాడు. మే నెల ఎండలో రెండు గంటలు. కేకలేసి ఉంటే సాయంత్రానికి మర్చిపోయేవాణ్ణి. మెల్లగా, మర్యాదగా అన్నాడు. అందుకే ఇంకా గుచ్చుకుంటోంది.

మన కోనసీమలో పని అడిగే తీరు వేరు. “చూశావా?” “ఆయ్, చూసేశానండి.” అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత “ఎంతుంది?” అని అడిగారంటే మన మాట నమ్మలేదని. మాట మీద నడిచే ఊళ్లలో పుట్టినవాడికి గడి నింపడం అంటే బోనెక్కి సాక్ష్యం చెప్పినట్టే ఉంటుంది. ఆ ఉక్రోషంతోనే ఈ మూడు గళ్లూ ఎందుకు పెట్టారో తీరిగ్గా విప్పి చూశాను. చూశాక ఉక్రోషం సగమే మిగిలింది.

పిగ్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. పైపు అడుగున చేరిన నీళ్లు, మడ్డి, తుప్పు ఊడ్చుకుంటూ గ్యాస్ తోపుకి నడిచొచ్చే రబ్బరు కప్పుల దిమ్మ అది. అవతలి చివర అది దిగే గొట్టం పేరు రిసీవర్. పిగ్ వచ్చిందని సిగ్నలర్ చూపించాక ముందు మెయిన్ లైను బైపాస్ వాల్వు తెరిచి గ్యాస్‌కి వేరే దారి ఇవ్వాలి. అప్పుడు రిసీవర్ ముందున్న ట్రాప్ వాల్వు, పక్కనున్న రిటర్న్ లైను వాల్వు మూసి తాళాలు వేసి ట్యాగులు కట్టాలి. తర్వాత లోపలి గ్యాస్ బయటికి పోయే వెంట్ మెల్లగా తెరవాలి. నీళ్లు, మడ్డి దిగే డ్రెయిన్ ఆ తర్వాత.

మొదటి గడి వెంట్ తెరవకముందు చూసే ప్రెషర్‌ది. లైనులో 46 బార్ ఉంటే రిసీవర్ గేజ్ కూడా 46 దగ్గరే ఉండాలి. అప్పుడే సున్నా చూపిస్తోందంటే రిసీవర్ ఖాళీగా ఉందని సంబరపడకూడదు, గేజ్ చచ్చిందని అర్థం. గేజ్ కిందుండే చిన్న రూట్ వాల్వు ఎవరో మూసి మర్చిపోయి ఉంటారు, లేదా సన్న గొట్టంలో మైనమో ఇసుకో అడ్డుపడి ఉంటుంది. రెండో గడి వెంట్ అవుతుండగా రాయాలి. ముల్లు దిగుతోందా, ఎక్కడైనా పట్టేసిందా అన్నది అక్కడ తేలుతుంది. మూడోది వెంట్ మూసి పదిహేను నిమిషాలు ఆగాక. ట్రాప్ వాల్వు సీటు గ్యాస్ వదులుతుంటే ఆ పావుగంటలో ముల్లు మళ్లీ లేస్తుంది. 46, 20, 0 అని రాస్తే గేజ్ బతికే ఉంది, గ్యాస్ పోయింది, వాల్వు పట్టింది అని మూడు సంగతులు తెలుస్తాయి. మూడు ‘ఓకే’లు రాస్తే నా దగ్గర పెన్ను ఉందని తెలుస్తుంది.

ఆ సున్నాని కూడా ఊరికే నమ్మకూడదు. 0 నుంచి 100 బార్ దాకా చూపించే గేజ్‌లో ఒక్క శాతం తేడా అంటే ఒక బార్ అటో ఇటో. లోపల 0.3 బార్ మిగిలినా ముల్లు కదలకుండా మేకుని ఆనుకుని కూర్చుంటుంది. 24 అంగుళాల తలుపు మీద 0.3 బార్ అంటే దాదాపు 890 కిలోల తోపు. మన లెక్కలో 75 కిలోల ధాన్యం బస్తాలు పన్నెండు, ఒక్కసారిగా మీదకి. అందుకే ప్రెషర్ దిగాక తెరిచే చిన్న రేంజి గేజ్ ఇంకోటి ఉంటుంది. తలుపుకి బ్లీడ్ స్క్రూ ఉంటుంది, దాన్ని ముందు విప్పి ‘సుయ్’ మంటుందేమో వినాలి. వెంట్ మళ్లీ తెరిచే ఉంచాలి. మనిషి తలుపుకి ఎదురుగా కాకుండా పక్కన, అదీ కీలు లేని వైపు నిలబడాలి. ఇదంతా ప్రొసీజర్‌లో ఆరు మెట్లు. రోజూ చేసేవాడికి ఆరూ ఒకటిగా కనిపిస్తాయి. అక్కడే చెడుతుంది.

తలుపు తెరిచాక నల్లటి పొడి కనిపిస్తే అందులో ఐరన్ సల్ఫైడ్ ఉందనే అనుకోవాలి. ఆరితే గాలి తగిలి దానంతటదే రాజుకుంటుంది. కాబట్టి ముందు నీళ్లు కొట్టి, తడిగానే ఎత్తి, తడి సంచుల్లో కట్టాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉన్న లైనైతే చొక్కాకి డిటెక్టర్ తగిలించుకుని ఉండాలి, 10 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో పది) దగ్గర కూస్తుంది. ముక్కుని నమ్ముకుంటే లాభం లేదు, 100 పీపీఎం దగ్గర ముక్కే మొద్దుబారిపోతుంది.

ఇక ‘వచ్చిన ద్రవం: ... లీటర్లు’ అనే గడి. నేను పుట్టిన నేలకి దగ్గరగా తగిలేది ఇదే. చాలామంది ‘కొంచెం’ అని రాస్తారు. గ్యాస్‌లో బొగ్గుపులుసు వాయువు ఉండి, దానికి నీళ్లు తోడైతే పుల్లటి ద్రవమై పైపు అడుగున నిలుస్తుంది. గడియారంలో ఆరు అంకె ఉండేచోట, లోపలి నుంచి, ఇనుముని తింటుంది. పైన పూత బాగానే ఉంటుంది, బయటినుంచి చూస్తే కొత్త పైపే. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో పేలిన 18 అంగుళాల లైను సంగతి మనకి తెలిసిందే. ఇరవై మందికి పైగా పోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ పంపారని, లోపలి తుప్పు తినేసిందని విచారణలో తేలింది. పోయిన నెల 40 లీటర్లు, ఈ నెల 110 అని ఉంటే ఎవరో ఒకరు ఆగి అడుగుతారు. పోయిన నెల కొంచెం, ఈ నెలా కొంచెం అయితే అడగడానికి ఏముంది? 15 లీటర్ల బకెట్టు పెట్టుకుని లెక్కెట్టుకున్నా చాలు.

నేల పైన కనిపించే పైపుకి మందం కొలిచేటప్పుడూ ఇదే తంతు. ముందు మందం తెలిసిన మెట్ల దిమ్మ మీద మీటర్ సరిచూసుకోవాలి. పెయింటు గీకి, జెల్ రాసి, 12, 3, 6, 9 దగ్గర నాలుగు రీడింగులు తీయాలి. 6 దగ్గర పడుకుని తీయాల్సి వస్తుంది, బట్టలు పాడవుతాయి. తీయకుండా రాసిన రీడింగు ఎప్పుడూ ఆ ఆరు దగ్గరే దొరుకుతుంది.

ఇంత చెప్పాక ఇక్కడివాళ్లే గొప్ప, మనవాళ్లకి కొలత తెలియదు అనుకుంటారేమో. అది మాత్రం ఒప్పుకోను. ఆగస్టులో గోదారి ఎర్రబడితే లంకల్లో ముసలమ్మ కూడా “ధవళేశ్వరం ఎంత?” అనే అడుగుతుంది. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అప్పుడు బ్యారేజీ దగ్గర కూర్చుని ఎవరైనా “ఓకేనండి” అంటే ఊరు ఊరుకుంటుందా? గొడ్లని గట్టెక్కించాలా వద్దా అన్నది ఆ అడుగుల మీదే ఉంటుంది. నీళ్ల దగ్గర మనం నంబరు అడుగుతాం, నీళ్లు కనిపిస్తాయి కాబట్టి. గ్యాస్ కనిపించదు. తేడా అంతే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. పూర్తిగా కుదరట్లేదు గానీ చెప్పుకుంటున్నాను.

ఇక్కడి ప్రొసీజర్లేమీ వేదాలు కావు. ఆఫీసులో కూర్చుని రాసినవాడు ఆ వాల్వు తిప్పి ఉండడు. కాగితంలో ఒక ట్యాగ్ నంబరు, వాల్వు మీద ఇంకోటి ఉంటాయి. వెంట్ కంటే ముందు డ్రెయిన్ తెరవమని రాసి ఉంటుంది. ఇలాంటిచోట మన బుర్ర చురుగ్గా పనిచేస్తుంది, చప్పుడు చేయకుండా మనకి తెలిసినట్టు చేసేస్తాం, పనీ అయిపోతుంది. తప్పు మాత్రం కాగితంలోనే ఉండిపోయి రాత్రి షిఫ్టుకి వచ్చే కొత్త కుర్రాడి కోసం కాచుకుని ఉంటుంది. చేయాల్సింది వేరు: పని ఆపి, ఆ మెట్టుని ఎర్ర పెన్నుతో కొట్టి, సరైనది పక్కన రాసి, పర్మిట్ ఇచ్చినవాడి చేత సంతకం పెట్టించి అప్పుడు ముందుకెళ్లాలి. ఆ ఎర్ర గీత తర్వాతి రివిజన్‌లోకి ఎక్కుతుంది. షెడ్డులో ప్లాస్టిక్ వేయించి వేలాడదీసిన కాపీని మాత్రం నమ్మొద్దు. మొదటి పేజీలో రివిజన్ నంబరు చూస్తే చాలాసార్లు అది పాతదే.

వరస తప్పకూడదనడానికి ఫ్లాంజి (రెండు పైపుల్ని కలిపే అంచు చక్రం) బిగింపు ఇంకో ఉదాహరణ. 8 అంగుళాల 300 క్లాసు ఫ్లాంజికి 12 స్టడ్లు, అంటే బోల్టులు. వరసగా ఒక పక్క నుంచి బిగించుకుంటూ పోతే మధ్యలో లీకు ఆపే గాస్కెట్ ఒకవైపు నలిగి ఎదుటివైపు లేస్తుంది. ఎదురెదురుగా దాటుకుంటూ ముందు బిగింపులో 30 శాతం, తర్వాత 60, 100, చివరికి గుండ్రంగా ఒక చుట్టు. విప్పిన స్పైరల్ గాస్కెట్ మళ్లీ వేయకూడదు, ఎంత కొత్తగా కనిపించినా.

మొన్న రాజోలు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాడిది అక్కడ ఒక కాంట్రాక్టులో లైను వెంట తిరిగి టెస్ట్ పోస్టుల దగ్గర రీడింగులు తీసే పని. భూమిలోని పైపు తుప్పు పట్టకుండా పంపే కరెంటు సరిపోతోందో లేదో చెప్పే రీడింగులవి; మైనస్ మిల్లీవోల్టుల్లో ఉంటాయి, మాటల్లో మైనస్ వదిలేస్తాం. “బావా, ఒక పోస్టు దగ్గర 790 వస్తోందండి. 850 దాటాలి కదా, 870 వేసెయ్యమంటున్నారు.” పాత పుస్తకం ఫొటోలు పంపమన్నాను. ఏడాది పొడుగునా ప్రతి పోస్టుకీ మైనస్ 900, 905, 900. కాలువలు కట్టేసి నేల నెర్రెలిచ్చిన మే నెలలోనూ, నీళ్లొదిలి చేలు మునిగిన జులైలోనూ ఒకటే రీడింగు! నేల తడి మారితే రీడింగు కదలాలి కదా.

“790 అనే రాయి. తేదీ, టైము, పోస్టు నంబరు వెయ్యి. తర్వాత వరసగా చూసుకో” అన్నాను. ముందు హాఫ్ సెల్‌లో (రీడింగు కోసం నేల మీద ఆనించే గొట్టంలో) కాపర్ సల్ఫేట్ పలుకులు అడుగున కనిపిస్తున్నాయా, కరిగిపోయి నీలం నీళ్లే మిగిలాయా. కింది చెక్క ముక్క తడిగా ఉందా. నేల పొడిగా ఉంటే చెంబుడు నీళ్లు పోసి, ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టు. మా ఎడారిలో ఇది రోజూ పనే. పోస్టులో వైరు తుప్పు పట్టి ఊడే స్థితిలో ఉందేమో కదిపి చూడు. అవన్నీ బాగుంటే అటూ ఇటూ పోస్టులు చూడు. అన్నీ పడిపోతే పైపుకి ఆ కరెంటు పంపే రెక్టిఫయర్ ఎన్ని ఆంపియర్లిస్తోందో చూడాలి. ఇదొక్కటే పడితే అక్కడ పైపు పూత పోయి ఉండొచ్చు, దగ్గర్లో ఎవరైనా రొయ్యల చెరువు తవ్వారేమో అడుగు.

“తవ్వారండి” అన్నాడు. “పోయిన నెలే. మార్కర్ రాయి కూడా పీకి గట్టున పడేశారు.”

“అది కూడా రాయి. గట్టుకీ లైనుకీ ఎన్ని మీటర్లు?”

టేపు తీసుకుని వెళ్లాడు. ఇంకా ఫోన్ చేయలేదు.