పదిహేనేళ్ల వ్యాగన్ ఆర్‌కి జపాన్‌లో నేనే చేయించుకున్న షాకెన్ - నా అనుభవం

నిన్న సాయంత్రం మా కారు షాకెన్ పాసైంది. షాపుకి ఇవ్వలేదు, ఎవరినీ తోడు తీసుకెళ్లలేదు. నేనే తీసుకెళ్లి, నేనే లైన్లో నడిపి, కాగితం చేత్తో పట్టుకుని వచ్చాను. నిన్నటి కోపం ఇంకా చల్లారలేదు, సంతోషమూ తగ్గలేదు. రెండూ ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. జపాన్‌లో సొంత కారుకి కొన్న మూడేళ్లకి మొదటిసారి, ఆ తర్వాత రెండేళ్లకోసారి తనిఖీ జరగాలి. అదే షాకెన్. మన దగ్గర కొత్త కారు కొంటే పదిహేనేళ్ల దాకా రిజిస్ట్రేషన్ ఊసే ఉండదు. ఇక్కడ గడువు దాటాక రోడ్డెక్కితే లైసెన్స్ మీద ఆరు తప్పు పాయింట్లు పడతాయి, లైసెన్స్ నెల రోజులు పక్కన పెట్టుకోవాల్సిందే.

మాది సుజుకీ వ్యాగన్ ఆర్, 2010 మే నెల బండి. పసుపు నంబరు ప్లేటు ఉండే కే కారు. ఈ రకం కార్లు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజన్ 660 సీసీ దాటకూడదని ఇక్కడి నియమం. ఏలూరులో మా నాన్నకి 2004లో కొన్న వ్యాగన్ ఆర్ ఉండేది, దాని ఇంజన్ 1061 సీసీ. దీనిది 658. పెళ్లయ్యాక జపాన్ ఈశాన్యాన ఉన్న ఈ తొహోకు చలిలోకి వచ్చిన కొత్తలో, మంచులో ఆ డబ్బా ఆకారం కనపడగానే మా వీధి మనిషి ఎదురొచ్చినట్టు ప్రాణం లేచొచ్చింది. ఆ బండి ఇక్కడే, 1993లో పుట్టిందని తర్వాత తెలిసింది.

2021లో రెండు లక్షల ఎనభై వేల యెన్‌లకి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అప్పటికి 81,000 కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడు 1,34,000. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టలేదు. టైమింగ్ చైన్ ఉన్న ఇంజన్ కాబట్టి టైమింగ్ బెల్టు మార్చే ఖర్చు లేదు. ప్రతి 5,000 కిలోమీటర్లకీ ఆయిల్ మారుస్తాను, ఒక్కసారి కూడా తప్పలేదు. నెలకోసారి డిప్ స్టిక్ తీసి గుడ్డతో తుడిచి చూస్తాను. మా నాన్న ఆదివారం పొద్దున్నే చేసే పని అది, నా చేతికి అలాగే వచ్చేసింది. లీటరుకి పదిహేడు ఇస్తోంది. ఇంత బాగా చూసుకుంటే ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? బండికి పదమూడేళ్లు దాటాయని ఏడాది పన్ను 7,200 యెన్‌ల నుంచి 12,900కి పెంచింది. ఉన్న వస్తువుని జాగ్రత్తగా వాడుకునేవాళ్ల మీద ఎక్కువ పన్ను వేయడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొదట ఒక షాపులో ఎస్టిమేట్ అడిగాను. 1,38,000 యెన్‌లు! కూలెంటు, బెల్టులు, బ్యాటరీ, లైట్ల పాలిష్, ఇంకేవో చాలా ఉన్నాయి. "ఇందులో పాసవ్వడానికి తప్పనిసరివి ఏవి?" అనడిగితే కౌంటర్లో అబ్బాయి నవ్వి, "అన్నీ చేయిస్తే నిశ్చింత కదండీ" అన్నాడు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే జవాబు. బ్యాటరీ గత జనవరిలోనే మార్పించాను, రసీదు నా పర్సులో ఉంది. బానెట్ కూడా ఎత్తి చూడకుండానే జాబితా రాశాడన్నమాట. అక్కడే నిర్ణయించుకున్నాను, ఇది నేనే చేయించుకుంటానని. సొంతంగా తీసుకెళ్లేదాన్ని యూజర్ షాకెన్ అంటారు. చట్టం ఒప్పుకున్న పనే.

స్లాట్ ఆన్‌లైన్లో పది నిమిషాల్లో దొరికింది. 2025 ఏప్రిల్ నుంచి గడువుకి రెండు నెలల ముందు చేయించుకున్నా ఉన్న రోజులు పోవు, కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. నాకు తెలిసిన చిన్న గ్యారేజీలో బండి ఎత్తించి బ్రేకులు, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు (చక్రాల్ని తిప్పే కడ్డీల మీది తొడుగులు) చూపించుకున్నాను. ఆ బూటు చిరిగి ఉంటే ఫెయిలే. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి కింద అక్కడక్కడా తుప్పు ఉంది కానీ కన్నం లేదన్నారు. వీల్ క్యాపులు ఇంట్లోనే పీకేశాను.

తనిఖీ ఆఫీసులో కాగితాల పని అరగంట. నిర్బంధ బీమా రెండేళ్లకి 17,540, బరువు పన్ను 8,200, తనిఖీ ఫీజు 2,200, వెరసి 27,940 యెన్‌లు. ఆ షాపు అడిగినదాంట్లో ఐదో వంతు. ఏడాది పన్ను కట్టిన సంగతి వాళ్ల కంప్యూటర్లోనే కనపడింది, రసీదు అడగలేదు. కౌంటర్లో ఆవిడ చాలా మర్యాదగా ఏ గడిలో ఏం రాయాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇచ్చింది. ఇంత తేలికా అనుకున్నాను.

అసలు కథ లైన్లో మొదలైంది.

పదిన్నర రౌండు. నా ముందు ఆరు బండ్లు, వెనక ఐదు, అన్నీ షాపుల వాళ్లవే. నూనె మరకల డ్రస్సుల్లో మెకానిక్కులు, రోజూ వచ్చేవాళ్లు. నేనొక్కదాన్నే ఆడమనిషిని, నేనొక్కదాన్నే విదేశీయురాలిని. మొదటిసారి వస్తున్నామని ముందే చెబితే ఒక ఉద్యోగి పక్కన నిలబడి సాయం చేస్తారని విన్నాను, చెప్పాను కూడా. ఒకాయన వచ్చాడు. ఇండికేటర్లు, హారన్, వైపర్లు చూశాడు, సుత్తితో చక్రాల నట్లు టంగుటంగున కొట్టి చూశాడు. ఛాసిస్ నంబరు సరిచూసుకున్నాడు. అన్నీ సరే.

షెడ్డులోకి వెళ్లాక ముందు పైన ఒక ఎలక్ట్రిక్ బోర్డు ఉంటుంది. ఏం చేయాలో దాని మీద పడుతుంది, అదీ కంజి అక్షరాల్లో, అంటే జపనీస్‌లో వాడే చైనా లిపి అక్షరాల్లో. నాకు మూడు వందల కంజిలు వచ్చు, కానీ అవి రెండు సెకన్లలో మారిపోతుంటే చదివేదెలా? చక్రాలు రోలర్ల మీద తిరుగుతుంటాయి. స్పీడు మీటరు 40 చూపగానే లైటు ఒకసారి కొట్టాలి. నేను కొట్టాను, సరిపోయింది. తర్వాత బ్రేకు. "నొక్కు" అన్న మాట చదివి నొక్కేలోపు "వదులు" అని వచ్చేసింది. పక్కనున్నాయన కిటికీ మీద వేళ్లతో టకటకా కొట్టి ఏదో అన్నాడు. రోలర్ల మోతలో ఒక్క ముక్క వినపడలేదు. మళ్లీ చేయించాడు, గుండ్రం గుర్తు పడింది, అంటే పాస్.

తర్వాత హెడ్‌లైట్లు. బండి ముందుకి ఒక పెట్టె లాంటి మిషన్ జరుగుతూ వచ్చి ఎడమ లైటు ముందు ఆగింది, తర్వాత కుడి లైటు ముందు. బోర్డు మీద గుణకారం గుర్తు. పక్కనే ఇంకో గుణకారం గుర్తు. రెండూ ఫెయిల్.

ఆయన కిటికీ దగ్గరికి వంగాడు. మొహాన నవ్వు ఉంది. "గోషుజిన్ వా?" అన్నాడు.

"మీ వారు?" అని. అంతే మాట. మీ వారు రాలేదా అని. ఆ తర్వాత, "మీకు ఇది కష్టమండీ, షాపుకి ఇచ్చేస్తే మేలు కదా" అన్నాడు. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు, అన్నీ గౌరవ వాచకాలే. ఇక్కడ ఇన్నేళ్లుగా ఉంటున్నాను కాబట్టి ఆ గౌరవం లోపల ఏముందో నాకు తెలుసు. బ్రేకులు పాసైన బండి, అడుగున ఒక్క చుక్క ఆయిల్ కారని బండి, దాన్ని చూసుకునే మనిషిని పట్టుకుని మీ ఆయన ఏడని అడుగుతాడా? వెనక వరసలో ఒకడు హారన్ కొట్టలేదు కానీ, కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాడు. చెవులు వేడెక్కిపోయాయి. స్టీరింగ్ పట్టుకున్న చేతులు చెమటకి జారుతున్నాయి. "హై" (సరే) అని మాత్రం అన్నాను. పొగ పరీక్ష, కింద పిట్‌లో సుత్తి పరీక్ష అన్నీ గుండ్రాలే వచ్చాయి. ఆ గుండ్రాలు నా కంటికి ఆనలేదు. బయటికొచ్చి పార్కింగ్‌లో ఐదు నిమిషాలు ఏడ్చాను. దాచుకోవాల్సిందేం లేదు.

ఏలూరులో మా ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ ఉదయం ఎనిమిది కూడా కాలేదు. నాన్న అంతా విని, "అమ్మలూ, లైటే కదా, ఇంజన్ కాదుగా. పక్కన ఎవడో ఒక మెకానిక్ ఉంటాడు, వెళ్లి అడుగు" అన్నారు.

ఉన్నాడు. ఈ ఆఫీసుల దగ్గర టెస్టర్ షాపులని ఉంటాయి. లోపలున్న మిషన్లే వీళ్ల దగ్గరా ఉంటాయి, ముందే కొలిచి సరిచేసి పంపుతారు. ఇది చదివేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు అక్కడికి వెళ్లి తర్వాతే లైన్లోకి వెళ్లండి. నేను చేసిన తప్పు చేయకండి. ఒకే ఫీజు మీద ఆ రోజు మొత్తం మూడుసార్లు ప్రయత్నించొచ్చు.

టెస్టర్ షాపులో డెబ్బై దాటిన ముసలాయన. మీ వారెక్కడని అడగలేదు. "ఈ బల్బు ఎవరు పెట్టారు?" అని అడిగాడు. రెండేళ్ల క్రితం మావారు ఆన్‌లైన్లో తెప్పించిన తెల్లటి ఎల్‌ఈడీ బల్బులవి. ఆయన తెర మీద చూపించాడు. లో బీమ్ (కిందికి దించిన లైటు) వెలుగుకి పైన ఒక గీత తెగినట్టు ఉండాలి, ఎడమవైపు కాస్త పైకి లేవాలి. మాది నీళ్లలో సిరా చుక్క పడ్డట్టు చెదిరిపోయి ఉంది. హాలోజెన్ కోసం చేసిన అద్దంలో ఎల్‌ఈడీ పెడితే ఇలాగే అవుతుందట. హాలోజెన్ బల్బులు పెట్టగానే చీర అంచులా గీత వచ్చింది. మావారి మీద కోపం వచ్చింది, అది ఇంట్లో తేల్చుకుంటాను. కొత్త వెలుగు కావాలని దొరికిన బల్బల్లా పెట్టే మగవాళ్లు ఎదుటి డ్రైవరు కళ్ల గురించి ఒక్కసారైనా ఆలోచిస్తారా?

ఇంకో సంగతి కూడా చెప్పాడు. మా ప్రాంతంలో 2024 ఆగస్టు నుంచి లో బీమ్ మాత్రమే కొలుస్తున్నారు. అంతకుముందు అది తప్పితే హై బీమ్ చూసి వదిలేసేవాళ్లు. పాత బండ్ల ప్లాస్టిక్ అద్దాలు పసుపెక్కి వెలుగు తగ్గిపోతుంది కాబట్టి చాలా బండ్లు ఇప్పుడు ఇక్కడే ఆగిపోతున్నాయట. ఒక్కో లైటుకి 6,400 క్యాండెలా (వెలుగు తీవ్రత కొలత) కావాలి. నీళ్ల గరుకు కాగితంతో అద్దం రుద్దాడు. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా బంపర్ మీదుగా కారాయి. కుడిదాన్ని నేను రుద్దాను, ఆయన వద్దన్నా వినలేదు.

మధ్యాహ్నం రెండోసారి వెళ్లాను. ఎడమ గుండ్రం. కుడి మళ్లీ గుణకారం. అదే ఉద్యోగి, అదే నవ్వు.

ఇక ఒక్కటే అవకాశం. నాలుగింటికి లైన్ మూసేస్తారు, ఐదుకి పిల్లల్ని డే కేర్ నుంచి తెచ్చుకోవాలి. ముసలాయన మిషన్ చూసి కుడి లైటు 5,900 దగ్గర ఆగిపోతోందన్నాడు. అద్దం మళ్లీ రుద్ది పాలిష్ కాంపౌండ్ పట్టించాడు. తర్వాత డ్రైవర్ సీట్లో నన్ను కూర్చోబెట్టి, "ఏసీ, ఫ్యాన్ ఆపు. న్యూట్రల్‌లో పెట్టి ఆక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టు" అన్నాడు. ఐడిల్‌లో కరెంటు తక్కువ అందుతుంది, ఇంజన్ వేగం పెరిగితే ఆల్టర్నేటర్ ఎక్కువ ఇస్తుంది, బల్బు ఇంకాస్త వెలుగుతుంది. తెర మీద అంకె నా కాలి కింద 6,900కి ఎక్కింది. చిన్న పిల్లలా అరిచాను.

మూడు గంటల ఇరవైకి మూడోసారి. ఫ్యాన్ ఆపాను. మిషన్ జరుగుతూ వచ్చింది. మడమ నేలకి ఆనించి పాదంతో నెమ్మదిగా తొక్కి పట్టుకున్నాను, కాలు వణకకూడదని పళ్లు బిగపట్టాను. ఎడమ గుండ్రం. కుడి లైటు దగ్గర ఎంతసేపు ఆగిందో తెలియదు. గుండ్రం!

ఆ ఉద్యోగి నా కాగితం మీద ముద్ర కొట్టించి ఇస్తూ తల వంచాడు. నేనూ వంచాను. "బండి నాదండీ" అని మాత్రం జపనీస్‌లో స్పష్టంగా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు.

కొత్త పత్రం అరచేతిలో పట్టేంత చిన్నది, వెనక చిప్ ఉంది. స్టిక్కర్ ఇప్పుడు అద్దం మధ్యలో కాదు, డ్రైవర్ వైపు పై మూలన అంటించాలి. 2027 మే దాకా నిశ్చింత. ముసలాయనకి బల్బులతో కలిపి 6,500 యెన్‌లు ఇచ్చాను. రెండోసారి కొలిచినదానికి తీసుకోనన్నాడు, బలవంతం చేసినా తీసుకోలేదు. ఐదుకి రెండు నిమిషాలుండగా డే కేర్ ముందు బండి ఆపాను. పెద్దది స్టిక్కర్ చూసి ఇదేంటమ్మా అనడిగింది.

నవంబరు మంచు మొదలయ్యేలోపు బండి కింద తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించాలి. ఆ ముసలాయన దగ్గరికే తీసుకెళ్తాను.